మనవి, మావి

పోయిన వేసవి మొదట్లో మా పక్కగదిలోకి తెల్ల పెట్టె ఒకటి వచ్చింది. అప్పటిదాకా ఆ గదిలో పాత మంచం, విత్తనాల బుట్టలు, నేను ఉండేవాళ్ళం. మంచం వరండాలోకి పోయింది, బుట్టలు అటకెక్కాయి, నన్ను మాత్రం ఉండనిచ్చారు. ఊరు మొత్తంలో గోడలు మందంగా ఉండి పగలంతా చల్లగా ఉండే గది అదొక్కటేనని తేల్చింది మా అత్త, అంటే నాన్నకు అక్క. అక్క తేల్చాక నాన్న చేయగలిగింది గొణుక్కోవడమే. పైకప్పు మీద సోలార్ పలకలు పరిచి, గోడకు కన్నం పెట్టి వైరు లాగారు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది.

"ఇది ఏం తింటుంది?" అని నానమ్మ అడిగింది.

"ఎండ" అంది అత్త.

"అయితే మన దగ్గర సుఖంగా బతుకుతుంది."

"తినేది ఎండేలే. తాగేదేమిటో కూడా కనుక్కో" అన్నాడు నాన్న గుమ్మం అవతలి నుంచి.

నాన్న ఊరికే అన్న మాట కాదు అది. మా ఊరు కొండవాలు మధ్యలో ఉంటుంది. కింది ఊళ్ళు, రోడ్డు, ఆఫీసులు అన్నీ మా తర్వాత వచ్చినవే. వాలంతా చిన్న చిన్న ఊటలు. రాతి సందులోంచి వేలంత ధారగా జారేవి కొన్ని, మట్టిలో చెమ్మగా మొదలై చెలమగా నిలిచేవి కొన్ని. అన్నింటినీ ఒకేసారి వాడం. ఎండలు మొదలైనప్పుడు కింది ఊటలు తెరుస్తాం, పైవాటికి సెలవు. ఎండలు ముదిరాక కిందివాటికి సెలవిచ్చి పైకి వెళ్తాం. సెలవులో ఉన్న ఊట మీద బల్లరాయి మూసి, మట్టి కప్పుతారు. దాని మీద గడ్డి మొలుస్తుంది. పక్కనుంచి నడిచిపోయినా కింద నీళ్ళున్నాయని తెలియదు. ఏ నీటికి ఎప్పుడు సెలవివ్వాలో, దేన్ని తెరిస్తే ఏది తగ్గుతుందో అదంతా మా పెద్దవాళ్ళ నోళ్ళలోనే ఉంది.

కింద నీళ్ళ సీసాలు నింపే కంపెనీ ఒకటుంది. దాని బోర్లు అడుగంటాయి. ఇక పైవాలులో బోర్లు వేసుకుంటామని అర్జీ పెట్టింది. అక్కడ ఎవరూ వాడే నీళ్ళు లేవని, తమ మనుషులు స్వయంగా తిరిగి చూశారని అందులో రాసింది. వాళ్ళు తిరిగిన మాట నిజమే. పైఊటలన్నీ సెలవులో ఉన్నప్పుడు తిరిగారు. వేసవి చివర నీటి అధికారి విచారణ జరిపి సంగతి తేలుస్తాడు. పైన బోర్లు పడితే మా ఊటలు ఇంకో వేసవి చూడవు. అవి పోతే ఊరు కూడా మూట కట్టాల్సిందే. కాబట్టి ఆ నీళ్ళను మేము వాడుకుంటున్నామని, చూసుకుంటున్నామని రుజువు చేయాలి. రుజువు కోసం చోట్లు చూపిస్తే బోరు ఎక్కడ దించాలో మేమే వేలుపెట్టి చూపించినట్టు. ఉన్నాయని చెప్పాలి, ఎక్కడున్నాయో చెప్పకూడదు.

ఆ చిక్కు విప్పడానికే అత్త పెట్టెను తెప్పించింది. మా వాళ్ళు ఊట దగ్గరికి వెళ్ళి ట్యాబ్‌లో మాట్లాడతారు. మాట, ఫొటో, చోటు మూడూ కలిసి మా పక్కగదిలోని పెట్టెలో చేరతాయి. బయటివాళ్ళకు వాలు మీద లేత నీలం మరక ఒకటి కనిపిస్తుంది, ఏ నెలలో అక్కడ ఏం పని జరిగిందో వినిపిస్తుంది, అంతే. ఊటల చుక్కలు కనిపించవు. వాటిని తెరవాలంటే బొటనవేలంత తాళంచెవులు రెండు కలిపి ట్యాబ్‌కు పెట్టాలి. ఒకటి అత్త దగ్గర, ఇంకొకటి తాడు కట్టుకుని నానమ్మ మెడలో.

ఇదంతా అమర్చిన ఇంజనీరమ్మ మా ఇంట్లోనే ఉంది. దూరం మనిషి. మన భాష నేర్చుకుని వచ్చింది, మమ్మల్ని నవ్వించేంత బాగా మాట్లాడేది. ప్రతి రికార్డు చివర ట్యాబ్ ఒక ప్రశ్న అడిగేలా చేసింది: ఈ నీళ్ళు ఎవరివి? కింద మూడు బటన్లు. నావి అంటే ఆ ఇంటివరకే. మావి అంటే ఊరివరకే. మనవి అంటే ఊరికీ, ఊరి స్నేహితులకీ చోటుతో సహా కనిపిస్తాయి. వాగు పొంగితే ముందే తెలియాలని పక్కవాలు ఊరినీ, నీటి ఆఫీసునూ స్నేహితుల్లో చేర్చారు. తన సొంత భాషలో మన, మా రెండింటికీ ఒకటే మాటట. ఇక్కడ రెండున్నాయని ఆమె ఎంత మురిసిపోయిందో. ఎదుటివాళ్ళను కలుపుకుంటే మన, కలుపుకోకపోతే మా, అంతేగా అని అత్తను అడిగింది. అంతే అంది అత్త. నిజంగా అంతే.

ట్యాబ్ నా చేతికి రావడానికి కారణం నా తెలివి కాదు. నాకు గొంతు పెగలదు. బడిలో హాజరు పలికితే టీచరుకు వినపడక మళ్ళీ పిలిచేవారు. ఊళ్ళో నన్ను గుసగుస అంటారు. "ఈ పని గుసగుసకే ఇవ్వండి. ఎదుటివాళ్ళు చెబుతుంటే మధ్యలో దూరదు" అంది అత్త.

అలా నేను నానమ్మతో కలిసి వాలంతా తిరిగాను. నానమ్మకు ట్యాబ్ అంటే బెరుకేమీ లేదు. తన గొంతు తనకే తిరిగి వినిపించడం తెగ నచ్చింది. ఒక్కో రికార్డు రెండేసి సార్లు వేయించుకుని, "ఇంత బాగా మాట్లాడతానని మీ తాత ఒక్కనాడైనా చెప్పలేదు చూడు" అనేది.

మోకాటి ఊట దగ్గర చెప్పినది నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. అక్కడ మోకాళ్ళ మీద వంగితే తప్ప నీళ్ళు అందవు, అందుకే ఆ పేరు. బల్లరాయిని ఇద్దరం కలిసి పక్కకు జరిపాం. లోపల కుళ్ళిన ఆకులు. నానమ్మ చెయ్యి పెట్టి గుప్పెడు గుప్పెడుగా తీసింది, అడుగున కొంచెం వదిలేసింది. అదెందుకని నేను కళ్ళతో అడిగాను.

"మొత్తం తీసేస్తే పురుగు ఉండదు. పురుగు వెళ్ళిపోయిందంటే నీళ్ళు కూడా ప్రయాణం కట్టినట్టే" అంది. పార మాత్రం ఎప్పుడూ పెట్టకూడదట. గొంతు పెద్దదైతే ఊట బద్ధకిస్తుందట. ఇక్కడ తాగడం మొదలుపెట్టాక పైన ఉన్న ఏ ఊటను కదిలించకూడదో కూడా చెప్పింది. చెప్పి, చేతులు కడుక్కుని, ట్యాబ్‌లోకి ముఖం పెట్టి ఫొటోకు నవ్వింది.

చివర్లో తెర మీద ప్రశ్న వచ్చింది. నేను చదివి వినిపించాను. ఈ నీళ్ళు ఎవరివి?

"ఎవరివేమిటే, మనవే" అంది నానమ్మ.

తనే వేలు పెట్టి మనవి నొక్కింది. అన్ని ఇళ్ళలోనూ అదే. కొందరి దగ్గర ఇంజనీరమ్మ కూర్చుని అడిగింది. ఆమెకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, "మనవే తల్లీ" అన్నారు అందరూ. రోజూ సాయంత్రం నేను ఆ మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని, చోట్లు తప్ప. పని అయిపోయిందని ఇంజనీరమ్మ తన ఊరికి వెళ్ళింది. వెళ్తూ పెట్టెకు బయటి ఇంటర్నెట్ లైను ఎలా కలపాలో, ఎలా తియ్యాలో అత్తకు నేర్పింది. అత్త ఒకసారి కలిపి చూసింది. పచ్చ దీపం పక్కన నీలం దీపం కాసేపు మిణుకుమంది. బాగానే ఉంది అనుకుని మళ్ళీ తీసేసింది.

ఎండలు ముదిరాయి. ఇంకొన్నాళ్ళలో పైకి మారాలి అనగా, ఒక పొద్దున నానమ్మా నేనూ మోకాటి ఊటకు వెళ్ళాం. అక్కడ ఒకాయన నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, సంచిలో ఎర్రజెండాల కట్ట, చేతిలో ఫోను. ఊట పక్కన అప్పటికే ఒక జెండా గుచ్చి ఉంది. మమ్మల్ని చూసి బెదరలేదు. పాత చుట్టంలా పలకరించాడు. కంపెనీ సర్వేయరునని తనే చెప్పాడు. ప్రతి మాటకూ ముందు గొంతు సవరించుకునేవాడు.

"మీ మ్యాపు బాగుంది పెద్దమ్మా. నేరుగా తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టింది" అన్నాడు.

మా మ్యాపు నీకెవరిచ్చారు బాబూ అని నానమ్మ అడిగింది. నీటి ఆఫీసులో ఇచ్చారట. విచారణకు ముందు ఆఫీసు దగ్గరున్న కాగితాలన్నీ రెండు పక్షాలకూ ఇవ్వాలట. "అయినా మీరే పెట్టుకున్నారుగా, మనవి అని. దాచుకునేవాళ్ళు అలా పెడతారా?" అన్నాడు, నవ్వుతూనే.

నానమ్మ అతని ముఖం వంక చూడలేదు. అతని బూట్ల వంక చూసింది.

"కాలు తియ్యి బాబూ. గొంతులో నిలబడ్డావు."

అతను కిందికి చూసుకుని, ఒక్క గెంతు గెంతాడు. ఊట అప్పటికే ఎర్రగా మట్టిరంగు తిరిగింది. అతను వెళ్ళాక నానమ్మ జెండా పీకి చంకలో పెట్టుకుంది. దారిలో ఇంకొన్ని కనిపించాయి, వాటినీ పీకింది. ఆ పుల్లలు చిక్కుడు పాదుకు బాగా పనికొచ్చాయి. ఇంటికి రాగానే అత్తను పిలిచి సంగతంతా చెప్పింది.

అత్త వెంటనే ఇంజనీరమ్మకు ఫోన్ చేసింది. ఫోన్ స్పీకరులో పెట్టి, అందరం పెట్టె చుట్టూ కూర్చున్నాం. పెట్టె సరిగ్గానే పనిచేసింది. మనవి అన్నవాటిని స్నేహితులకు పంపమన్నారు, లైను కలిపిన ఆ కాసేపట్లో అది పంపడం మొదలుపెట్టింది. కిందివైపు కొన్ని ఊటలు మాత్రమే వెళ్ళాయి. పైవి ఇంకా మా గదిలోనే ఉన్నాయి. వెళ్ళినవాటికి కూడా గుర్తు మావి అని మారిస్తే ఆఫీసు తెర మీద ఆరిపోతాయి. సర్వేయరు తన ఫోన్లోకి ఎక్కించుకున్నవి మాత్రం మన చేతిలో లేవు. అందరూ మనవి అని ఎందుకన్నారు, నేను సరిగ్గా అడగలేదా అని ఇంజనీరమ్మ మళ్ళీ మళ్ళీ అంది. సరిగ్గానే అడిగావు తల్లీ అని నానమ్మ ఓదార్చింది.

"ఏముంది, విచారణకు మనవి చేసుకోమన్నారు. చేసుకున్నాం" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు. నాన్న కూడా నవ్వించడానికి అనలేదు. పెట్టెను తీసుకెళ్ళి లోయలోకి దొర్లిస్తానన్నాడు. నోట్లో ఉన్నంతకాలం ఏ నీళ్ళూ ఎక్కడికీ పోలేదన్నాడు. మరి రేపు విచారణలో నోరు తెరిచి ఏం చూపిస్తావురా, పళ్ళా, అంది అత్త.

గుర్తులు మార్చాలంటే ఎవరు చెప్పినదాన్ని వాళ్ళే మార్చాలి. వాళ్ళ గొంతు వింటేనే పెట్టె ఒప్పుకుంటుంది. ఒకరి నీళ్ళ గురించి ఇంకొకరు తేల్చకూడదని ఆ నియమం పెట్టించింది అత్తే. అందుకని ట్యాబ్ పట్టుకుని మళ్ళీ గడప గడపకూ బయలుదేరింది, వెనకాల నేను. మొదట పక్కింటి తాత. ఆయన మంచం అల్లుతున్నాడు.

"తాతా, ఆ రావిచెట్టు మలుపు పైన చెలమ ఎవరిది?"

"మనదే."

"అలా కాదు. ఊరివరకే అనుకుని చెప్పు."

"ఊరివరకే. మనదే."

అత్త విడమరచి చెప్పింది. తాత అల్లడం ఆపి, అంతా విని, ముఖం ముడుచుకున్నాడు. "నిన్ను ఈ భుజం మీద ఎక్కించుకుని తిప్పాను. ఇప్పుడు నీ మొహాన మాది అని ఎలా అనమంటావు? నువ్వు పరాయిదానివయ్యావా, నేను అయ్యానా?" అన్నాడు. అత్త బతిమాలేకొద్దీ ఆయనకు కోపం ఎక్కువైంది. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంట్లో ఒక పిన్ని, నీకు ఒంట్లో బాగుందా అని అత్త నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇంటికొచ్చి అత్త గుమ్మంలో కూలబడింది. నేను గిన్నెలు తోముతున్నాను. తాత ముఖమే నా కళ్ళ ముందు ఉంది. పరాయిదానివయ్యావా అన్నాడు. ఇంట్లోవాళ్ళతో అయితే మన అనే అంటాం, అది సరైన మాటే. ఇంటికొచ్చిన మనిషితో అయితే మర్యాదకు మన అంటాం, ఇంజనీరమ్మతో అన్నట్టు. మరి మావి అని ఎప్పుడంటాం? తోముతున్న గిన్నె చేతిలో అలాగే ఆగిపోయింది.

"అడిగేది మనవాళ్ళు కాకూడదు" అన్నాను.

అత్తకు వినపడలేదు. ఏమిటే అంది. దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ఆ జెండాలాయన అడిగితే అందరూ మావి అనే అంటారు అత్తా."

అత్త నా వంక చూసింది. తర్వాత వాళ్ళ తమ్ముడి వంక చూసింది. మా నాన్న ఊళ్ళో ఎవరి గొంతయినా దించేస్తాడు. తన లారీ ఓనరు నుంచి బడి హెడ్మాస్టరు దాకా ఎవరినీ వదల్లేదు. సర్వేయరు టీకొట్టు దగ్గర మాట్లాడుతుంటే ఎప్పుడో విన్నాడు. ఇప్పుడు అచ్చం అతనిలాగే గొంతు సవరించుకున్నాడు.

"ఏం పెద్దమ్మా, ఈ నీళ్ళు ఎవరివి?"

నానమ్మ అటు తిరిగి చిక్కుళ్ళు వలుస్తోంది. తిరగనైనా లేదు.

"మావి. నీకెందుకు?"

తర్వాత ఆ చేతులు ఆగాయి. వెనక్కి తిరిగి కొడుకును చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్విందెవరో నాకు తెలియదు. కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

నాన్న గొంతు పెట్టెలోకి వెళ్ళింది అలాగే. ప్రశ్నను నాన్న చేత సర్వేయరు గొంతుతో చెప్పించి, ట్యాబ్‌లో పెట్టాను. మర్నాటి నుంచి నాన్న లారీ పనికి సెలవు పెట్టి అత్తతో ఇంటింటికీ తిరిగాడు. ఆ అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకోకుండా ఒకే దారిలో నడవడం వింతగా ఉందని ఊరంతా అనుకుంది. తాత, ట్యాబ్‌లో గొంతు విని నిజంగానే మంచం మీంచి లేచాడు. మాది, ముందు మా వాకిట్లోంచి కదులు అన్నాడు. నుదుటి మీద చెయ్యి పెట్టిన పిన్ని అన్న మాట ఇక్కడ రాయలేను, దాని చివర మావి అని మాత్రం ఉంది. పెట్టె అన్నింటినీ ఒప్పుకున్నాక అత్త మళ్ళీ లైను కలిపింది. కింది ఊటలు ఆఫీసు తెర మీద ఆరిపోయాయని ఇంజనీరమ్మ ఫోన్ చేసి చెప్పింది. పైవి బయటికి వెళ్ళనే లేదు.

విచారణ రోజు నాన్న అందరినీ లారీలో దింపాడు. పెద్ద హాలు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి కిందికి రావడం లేదు. బల్లల మీద వరసగా కంపెనీ సీసాలు. నానమ్మ ఒకటి ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి, కింద పెట్టేసింది.

సర్వేయరు లాంటి మనిషి కోసం మేము సిద్ధపడి వచ్చాం. అధికారి అలాంటివాడు కాదు. నెరిసిన జుట్టు, నెమ్మదైన మనిషి. నానమ్మ మెట్లెక్కలేక ఆగితే లేచి వచ్చి చెయ్యి అందించాడు. కుర్చీలు చాలకపోతే తన పక్కన ఉన్న కుర్చీ లాగి వేశాడు. కంపెనీ తరఫువాళ్ళు మాట్లాడినంతసేపూ ఎంత శ్రద్ధగా విన్నాడో మా వాళ్ళు మాట్లాడినప్పుడూ అంతే శ్రద్ధగా విన్నాడు. అత్త తెర మీద నీలం మరక చూపించింది. నెలవారీగా గొంతులు వినిపించింది. ఏ నెలలో ఏది మూశారు, ఎందుకు మూశారు, ఏది తెరిచారు. సెలవు అనే మాట దగ్గర అధికారి ఆపమని, మళ్ళీ వేయించుకున్నాడు. పురుగు వెళ్ళిపోతే నీళ్ళు ప్రయాణం కట్టినట్టే అని నానమ్మ గొంతు హాలంతా వినపడినప్పుడు వెనక కూర్చున్న గుమాస్తాలు కూడా నవ్వారు. నానమ్మ ఠీవిగా చుట్టూ చూసింది.

అన్నీ విన్నాక అధికారి నానమ్మ వైపు తిరిగాడు.

"నాకు నమ్మకం కుదిరింది పెద్దమ్మా. కానీ నమ్మాను అని రాస్తే పై ఆఫీసులో నిలబడదు. చూశాను అని రాయాలి. ఒక్కసారి ఆ చుక్కలు తెర మీద తెరిపించండి. కొండయినా నీళ్ళయినా అన్నీ మనవే కదా."

ఎంత మర్యాదగా అన్నాడంటే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అత్త తన తాళంచెవి పెట్టడానికి లేవలేదు, కూర్చోనూ లేదు, కుర్చీ అంచున ఉండిపోయింది. ఎదటి వరసలో సర్వేయరు ఫోను ఒళ్ళోంచి ఎత్తి, తెర వైపు తిప్పి పెట్టుకున్నాడు. నేను అది చూశాను. నానమ్మ చూడలేదు. నానమ్మ అధికారి ముఖమే చూస్తోంది. చెయ్యి అందించిన మనిషి, కుర్చీ వేసిన మనిషి. అలాంటివాడు మనవే కదా అంటే కాదనడం నానమ్మ పుట్టి ఎరగదు. ఆమె చెయ్యి మెడలోని తాడు దగ్గరికి వెళ్ళింది. పెదవులు కలిశాయి. ఏ మాట కోసం కలిశాయో నాకు తెలుసు.

నేను లేచి నిలబడ్డాను.

"మావి" అన్నాను.

అధికారి నా వైపు చూశాడు. ఏమన్నావమ్మా అన్నాడు.

"మావి సార్. మీకు దాహమేస్తే రండి, కాదనం. చూడాలన్నా రండి, మేమే తీసుకెళ్తాం. ఫోను కింద పెట్టి, మాతో నడవాలి. ఇక్కడ తెర మీద మాత్రం తెరవం."

కంపెనీ లాయరు లేచి ఇది అధికారిని అవమానించడమే అన్నాడు. అధికారి అతన్ని కూర్చోమన్నట్టు చెయ్యి ఊపాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నాడు. సర్వేయరు ఫోను ఎటు తిరిగి ఉందో అప్పుడు ఆయనకూ కనిపించిందనుకుంటాను, కాసేపు అటే చూశాడు.

"ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

అప్పటికి నానమ్మకు ఊపిరి అందింది. తాళంచెవి మళ్ళీ దుస్తుల్లోకి జారవిడిచింది. "పొద్దున్నే రండి బాబూ. ఎండెక్కితే మీరు నడవలేరు" అంది, ఎంతో ఆదరంగా.

బయటికి వచ్చాక ఎవరూ నన్ను పొగడలేదు. నాన్న లారీ వెనక తలుపు తీసి, నానమ్మను, అత్తను ఎక్కించాడు. నన్ను మాత్రం ముందు, తన పక్క సీట్లో కూర్చోమన్నాడు. అది ఎప్పుడూ అత్త కూర్చునే సీటు.

ఉత్తర్వు వానల్లో వచ్చింది. ఊరు ఒప్పుకోనిదే పైవాలులో బోరు దించకూడదు. ఊటల చోట్లు ఊరి పెట్టెలోనే ఉంటాయి, ఆఫీసు దగ్గర నీలం మరక ఉంటే చాలు. కంపెనీ మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చని కూడా అందులో ఉంది. పెట్టుకోనీ. పక్కవాలు ఊరివాళ్ళు వచ్చి పెట్టె చూసి వెళ్ళారు, వాళ్ళ ఊరికీ ఒకటి వస్తోంది. అక్కడి ప్రశ్నకు కూడా నాన్న గొంతే కావాలట. నాన్న ఇప్పుడు దానికి బెట్టు చేస్తున్నాడు.

కానీ ఆ వేసవి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది అధికారి వచ్చిన పొద్దున. చెప్పిన వేళకే వచ్చాడు, ఒక్కడే. ఫోను తీసి మా పక్కగదిలో పెట్టె పక్కన పెట్టాడు. పెట్టె మీద చెయ్యి ఆనించి, చల్లగానే ఉందే అన్నాడు. నానమ్మ దారిపొడవునా ఆయనకు ఊపిరి ఎలా తీయాలో నేర్పుతూ నడిచింది. కింది ఊటలు దాటాం. ఆ పైన బాట ఉండదు, రాళ్ళూ గడ్డీ, అంతే. ఆయన అక్కడ ఆగి, అటూ ఇటూ చూశాడు. నానమ్మ ఒక బండ మీద కూర్చుని, ఇక్కణ్ణుంచి నా మనవరాలు తీసుకెళ్తుంది అంది.

నేను ఆయన్ను దాటి ముందుకు వచ్చాను.

"ఇక్కడంతా ఊటలే సార్, తెరవనివి పైకి తెలియవు. నా అడుగులో అడుగు వేయండి" అన్నాను.

ఆయన అలాగే వేశాడు.